కారులోని యెఱ్ఱదీపము



నేడు మన స్త్రీలు కారు నడుపుట వింతగాదు. పిల్లలను బడికి దింపుటకును, పెద్దలను వైద్యునికడకు గొనిపోవుటకును పల్లెటూళ్లలో సైతము ఇల్లాలే స్టీరింగు పట్టుచున్నది. కాని పొయ్యి సరిగా మండకున్న కారణమేమో తానే విచారించుకొను గృహిణి, కారులో నొక దీపము వెలిగినంతనే ఆ విచారణనంతయు పరులకు విడిచిపెట్టుచుండును. అట్లు విడువనక్కఱలేదని మా యింట జరిగిన యొక సంగతివలన నాకు దెలిసినది. దానిని మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కారు నడుపువారి యెదుట, వేగమును జూపు ముల్లున్న పలకమీద, చిన్న చిన్న బొమ్మలు కొన్ని యుండును. వానిలో కొమ్ముచెంబును బోలిన బొమ్మ యొకటి. కొమ్ము చివర నొక బొట్టు జాఱుచున్నట్లుండును. ఇది యెఱ్ఱగా వెలిగినచో ఇంజనులో నూనె యైపోయినదని పలువురనుకొందురు. అది సరికాదు. ఈ దీపము నూనె యెంత యున్నదో చెప్పునది కాదు. నూనె యొత్తిడి యున్నదా లేదా యని చెప్పునది. ఈ రెంటికిని గల భేదము తెలిసికొన్న తరువాతనే తక్కిన సంగతి బోధపడును.

ఇంజనులో క్రాంకుషాఫ్టు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. అది బేరింగులమీద నానియున్నట్లు కనబడినను, నడుచునప్పుడు లోహము లోహమును దాకదు. రెంటికి నడుమ పలుచని నూనెపొర యుండి దానిని తేల్చుచుండును. ఆ పొర నిలుచుటకు నూనె యొత్తిడితో వచ్చుచుండవలయును. అడుగున చాంబరులోనున్న నూనెను పంపు పీల్చి, ఫిల్టరుగుండ నడిపి, సన్నని కాలువలవెంట బేరింగులకును, పైనున్న క్యాంషాఫ్టునకును అందించును. మన గోదావరి డెల్టాలో ప్రధానకాలువకు నీరు వదలినను ఒరవడి లేనియెడల శివారు భూములకు నీరందదు గదా. అట్లే చాంబరు నిండ నూనె యున్నను ఒత్తిడి లేనియెడల బేరింగులకు నూనె యందదు. అప్పుడు లోహము లోహమును రాచుకొని, వేడెక్కి, కొలది నిమిషములలోనే ఇంజను పట్టుకొనిపోవును. అందుచేతనే ఈ దీపమునకు ఎఱుపురంగు నిచ్చిరి.

ఇక నీ దీపము వెలుగుట యెట్లన, పాతరకపు కార్లలో నీ యేర్పాటు మిక్కిలి సులభమైనది. నూనె కాలువలోనికి దిగునట్లు ఇంజను ప్రక్కను బొటనవ్రేలంత స్విచ్చి యొకటి బిగింపబడి యుండును. తాళము త్రిప్పగనే బ్యాటరీనుండి విద్యుత్తు దీపముగుండ ఒకే వైరువెంట ఈ స్విచ్చిని జేరి, అందుండి ఇంజను లోహములోనికి దిగిపోవును. దీనినే పనివారు ఎర్తు అందురు. దారి పూర్తియైనది గనుక దీపము వెలుగును. ఇంజను నడువ నారంభించి నూనె యొత్తిడి 0.3 మొదలు 0.5 బార్ వఱకు పెరుగునప్పటికి, స్విచ్చిలోని పలుచని పొర వెనుకకు నెట్టబడి, లోపలి అతుకు విడిపోవును. దారి తెగుటచే దీపమారును. ఒక బార్ అనగా మనచుట్టునున్న గాలి యొత్తిడికి ఇంచుమించు సమానము.

దీనినిబట్టి యాలోచింపుడు. ఇంజను నడుచుచుండగా దీపము వెలుగుటకు కారణములు ముఖ్యముగా మూడు. నిజముగా ఒత్తిడి లేకపోవుట మొదటిది. స్విచ్చి చెడి, అతుకు విడివడకపోవుట రెండవది. వైరుమీది తొడుగు పోయి, లోని రాగితీగ ఇంజనునకు దగిలి, స్విచ్చివఱకు పోకుండగనే ఎర్తగుట మూడవది. మొదటిదైనచో ప్రమాదము, వేలకొలది రూపాయల ఖర్చు. కడమ రెండైనచో స్వల్పవ్యయము. దీపముమాత్రము మూడింటికిని ఒక్కతీరుననే వెలుగును.

మా యూరు రావులపాలెమునకు చేరువ. మా మామగారికి మూత్రపిండములు చెడి రెండేండ్లైనది. మంగళవారమును శుక్రవారమును వారిని రాజమహేంద్రవరము తీసికొనిపోయి డయాలిసిస్ చేయింపవలయును. ఒక్కొక్కమారు నాలుగు గంటల పని. మావారు హైదరాబాదున నుద్యోగము చేయుచున్నారు గనుక కారు నడుపుట నా వంతు. అది 12 ఏండ్లనాటి పెట్రోలు కారు. అది నడచినచో మామగారి వైద్యము నడచును. నిలిచినచో ఆ వయస్సున, ఆ నీరసమున, వారు బస్సులు మారి పోలేరు.

సంక్రాంతి వెళ్లిన కొలదిదినములకు ఒక మంగళవారమునాడు, జొన్నాడ వంతెన దాటి కడియపులంక పూలతోటల ప్రాంతమునకు వచ్చునప్పటికి, గతుకుమీద బండి యెగిరినపుడు ఆ దీపము మినుకుమన్నది. మఱి రెండు గతుకులకు వెలిగి, ఇక నారలేదు. నేను వెంటనే బండిని ప్రక్కకు దించి, ఇంజను నాపితిని. "ఇంకెంతదూరమమ్మా, మెల్లగా పోవుదము" అని మామగారనిరి. "వలదు మామయ్యగారూ, ఈ దీపము వెలిగినపుడు మెల్లగా పోయినను ఇంజనునకు ముప్పే" అని చెప్పి, ఆటో పిలిచి వారిని ఆసుపత్రికి దీసికొనిపోతిని. కారును మోయు బండిని రప్పించి, రావులపాలెములో నొక షెడ్డునకు చేర్పించితిని.

ఆ షెడ్డులో నాకు రెండు సలహాలు లభించినవి. పెద్ద మేస్త్రి తాళము త్రిప్పి, ఒక్క నిమిషము ఇంజను నడిపి, దీపమును జూచి, "పంపు పోయినదమ్మా, బేరింగులుగూడ తినియుండును. ఇంజను దింపవలయును. పదిదినములు పట్టును, 60,000 రూపాయలగును" అనెను. "ఒత్తిడి కొలిచి చూచితిరా?" యని యడిగితిని. "దీపమే చెప్పుచుండగా కొలుచుట యెందులకు?" అనెను. నేను బయటకు వచ్చుచుండగా అచటి కుఱ్ఱవాడొకడు మెల్లగా, "ఆ వైరు పీకివేసినచో దీపముండదు, గొడవయుండదు. ఎన్ని బండ్లట్లు తిరుగుటలేదు?" అనెను. ఒకరు దీపమును పూర్తిగా నమ్మిరి. ఒకరు దాని నోరు మూయుమనిరి. దానిని ప్రశ్నించిచూచినవారు లేరు.

ఆ రాత్రి మా యింట ఎవరికిని సరిగా నిద్రలేదు. మావారు ఫోనులో, "వారు చెప్పినట్లే కానిమ్ము, డబ్బు నేనెట్లో సర్దెదను" అనిరి. అత్తగారేమియు అనలేదు గాని, రెండుమారులు తమ చేతిగాజులవంక జూచుకొనిరి. డబ్బు సర్దుకొన్నను పదిదినములమాట యేమి? ఆ పదిదినములలో మూడు డయాలిసిస్‌లు కలవు.

మా యూర ట్రాక్టర్లు బాగుచేయు వృద్ధుడొకరు కలరు. మేమందఱము బాబాయి యని పిలుతుము. చూపు మందగించుటచే పని చాలవఱకు మానినారు. మఱునాడుదయమున నేను పోయి సంగతి చెప్పగా, "అమ్మాయీ, నా కండ్లు కనబడవు, నీ చేతులు పనిచేయవలయును. నేను చెప్పుచుందును, నీవు చేయుచుండుము" అనిరి. షెడ్డునుండి కారును లాగించి తెచ్చుకొంటిమి.

బాబాయి మొదట బండిని ముట్టనేలేదు, నన్ను ప్రశ్నలడిగిరి. "దీపము మొదట మినుకుమన్నది ఎప్పుడు? మలుపులలోనా, ఇంజను వేడెక్కి మెల్లగా తిరుగునపుడా, గతుకులమీదనా?" అనిరి. ఈ ప్రశ్నలో చాల విషయమున్నది. నూనె తక్కువగానున్నచో మలుపులలోను, బ్రేకు వేసినపుడును అది ప్రక్కకు పోయి, పంపు గాలిని పీల్చి, దీపము మినుకుమనును. బేరింగులరిగినను, నూనె పలుచబడినను, ఇంజను వేడిగానుండి మెల్లగా తిరుగునపుడు వెలిగి, వేగము పెంచగనే ఆరును. ఇంజను వేగముతో నిమిత్తములేక గతుకులకు మాత్రము వెలిగినచో వైరుమీద ననుమానింపవలయును. "ఇంజను మ్రోతలో మార్పు వచ్చినదా, టకటకమను చప్పుడైనదా?" యని రెండవ ప్రశ్న. కాలేదని చెప్పితిని. "మంచిది. కాని యింతమాత్రమున నిశ్చయింపరాదు" అనిరి.

తరువాత నూనె మట్టము. బండి సమతలమున నుండవలయును. ఇంజను ఆపి పదినిమిషములైన గడచిన పిమ్మట డిప్ స్టిక్కును దీసి, గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి, తీసి చూడవలయును. దానిమీద రెండు గుఱుతులుండును. నూనె ఆ రెంటినడుమ నుండవలయును. మా బండిలో పైగుఱుతునకు కొంచెము దిగువగా నుండెను. రంగు నలుపే గాని, నీరు కలిసినపుడు వచ్చు మజ్జిగవంటి తెలుపు లేదు.

మూడవది అసలైన పరీక్ష. తాళము తీసియుంచి, స్విచ్చిమీది వైరును ఊడదీసి, ఏ లోహమునకును దగులకుండ వ్రేలాడవిడిచితిని. పిమ్మట ఇంజను నడుపకుండ తాళము మాత్రము త్రిప్పితిని. వైరు మంచిదైనచో ఇప్పుడు దారి తెగియున్నది గనుక దీపమారవలయును. ఆరినచో అనుమానము స్విచ్చిమీదికిగాని, నిజముగా ఒత్తిడి లేకపోవుటమీదికిగాని పోవును. మా దీపము ఆరలేదు! స్విచ్చితో సంబంధమే లేనపుడు వెలుగుచున్నదనగా, నడుమ నెచటనో వైరు ఇంజనునకు దగులుచున్నదని తేలినది.

"ఇక వైరువెంట చేయి నడుపుము" అనిరి బాబాయి. తాళము తీసి, స్విచ్చినుండి మొదలుపెట్టి జేనెడు జేనెడు మేర చూచుచు పోతిని. ఇంజను వెనుకభాగమున ఇనుప బ్రాకెట్టు ప్రక్క, చేయి దూరుట కష్టమైన తావున, ఊకయు ఎలుకపెంటికలును కనబడినవి. అచట వైరుమీది తొడుగు వ్రేలెడు మేర కొఱికివేయబడి, రాగితీగ బ్రాకెట్టునకు ఆనియున్నది. మేము కారు నిలుపునది ధాన్యపుకొట్టు ప్రక్కను. పంట యింటికి వచ్చిన దినములు, పైగా చలికాలము. వెచ్చని ఇంజను ఎలుకలకు మంచి గూడైనది. తొడుగు పోయిన తీగ గతుకులకు కదలి కదలి మొదట తాకుచు విడుచుచు, కడపట అంటుకొని నిలిచినది. గతుకులమీద మినుకుమనుటకు కారణ మిదియే.

తెగకుండ మిగిలిన తీగను శుభ్రముచేసి, బలహీనమైన చోట కత్తిరించి, టంకము వేసి అతికి, వేడిచేసిన ముడుచుకొను గొట్టమును తొడిగి, పైన ముడుతల గొట్టము వేసి, బ్రాకెట్టునకు దూరముగా కట్టితిమి. అపుడు తాళము త్రిప్పగా దీపమారియున్నది. వైరుకొనను ఇంజను లోహమునకు దాకింపగా వెలిగినది. తీయగా ఆరినది. వైరు నిర్దోషి యైనది.

నేను సంతోషించి స్విచ్చికి వైరు తగిలింపబోగా బాబాయి వారించిరి. "వైరు తప్పు దొరికినదని ఒత్తిడి యున్నట్లు రుజువు కాలేదు. ఒకే బండిలో రెండు దోషములుండరాదా?" అనిరి. మొదట మల్టీమీటరుతో స్విచ్చిని పరీక్షించితిమి. ఇంజను ఆపియుండగా స్విచ్చి ములికికిని ఇంజను లోహమునకును నడుమ దారి యున్నట్లు మీటరు కూసినది. అది సరియే. పిమ్మట స్విచ్చిని విప్పి, దాని మరకు సరిపోవు జాయింటుతో ట్రాక్టర్లకు వాడు ఒత్తిడిగేజిని బిగించితిమి. "ఇంజను నడుపుము. కొన్ని క్షణములలో ముల్లు లేవకున్న వెంటనే ఆపుము" అని ఆజ్ఞ. నేను తాళము త్రిప్పుచు ఊపిరి బిగబట్టితిని. ముల్లు లేచి మూడున్నరమీద నిలిచినది.

"ఇంకను సంతోషింపకుము. చల్లని నూనె చిక్కగానుండి ఒత్తిడి నెక్కువగా చూపును. బాగుగ వేడెక్కనిమ్ము" అనిరి. ఇరువది నిమిషములు నడిపిన తరువాత, మెల్లగా తిరుగునపుడు ఒకటిన్నర, నిమిషమునకు 2000 చుట్ల వేగమున మూడు చూపినది. కారుతోడి పుస్తకములో చెప్పిన కొలతకు ఇది తగియున్నది. పంపును బేరింగులును సుఖముగనే యున్నవి. స్విచ్చిని తిరిగి బిగించునపుడు మరమీద తెల్లని టేపు దట్టముగా చుట్టవలదని బాబాయి హెచ్చరించిరి. ఆ ఒంటివైరు స్విచ్చికి ఎర్తు దాని మరలగుండనే వచ్చునట. టేపు అడ్డమైనచో దీపము వెలుగక మోసపుచ్చును.

వైరునకును గొట్టమునకును కలిపి 400 రూపాయలైనవి. బాబాయి కూలి పుచ్చుకొనలేదు. అత్తగారు పెట్టిన భోజనమును మాత్రము మెచ్చుకొని తినిరి. శుక్రవారమునాడు మామగారిని నేనే కారులో రాజమహేంద్రవరము తీసికొనిపోతిని.

ఇంతయు విని, "అట్లైన దీపము అబద్ధమాడినది గదా, కడియపులంకకడ ఊరకయే ఆగితివి" అని నా నేస్తురాలొకతె యన్నది. నేనంగీకరింపలేదు. స్టీరింగుముందు కూర్చున్నవారికి ఆ మూడు కారణములలో ఏది నిజమో తెలియు మార్గము లేదు. తెలియనంతవఱకు మొదటిదే నిజమని యెంచి ఆగుట ధర్మము. రాత్రివేళ కుక్క మొఱిగినచో లేచి చూతుము. దొంగ కనబడనంతమాత్రమున కుక్కను వెళ్లగొట్టము. మొఱిగినదిగదా యని చూడకుండగనే ఇల్లు విడిచి పాఱిపోము. అట్లే గేజి ముల్లు లేవకుండినచో షెడ్డువారు చెప్పిన ఖర్చు న్యాయమైనదే యగును. నేనును మాఱుమాటాడక ఇంజను దింపించి యుందును. కొలువక ముందే దింపుమనుటకు మాత్రమే నేనొప్పుకొనలేదు.

దీపము వెలుగుటకంటె వెలుగకపోవుట మఱింత ప్రమాదకరమని గూడ మఱువరాదు. వైరు తెగినను, దీపము మాడినను, స్విచ్చి వేఱొక విధముగ చెడినను, నిజముగా ఒత్తిడి పోయినదినమున మనకు హెచ్చరిక యుండదు. ఆ కుఱ్ఱవాడు చెప్పినట్లు వైరు పీకినవారి గతియు ఇదియే. కావున ప్రతిదినము ఇంజను నడుపుటకు ముందు తాళము త్రిప్పి, ఆ దీపము వెలిగినదా యని చూడవలయును. వెలుగనియెడల స్విచ్చి వైరును ఊడదీసి ఇంజను లోహమునకు దాకింపవలయును. అప్పుడు వెలిగినచో దోషము స్విచ్చిది. వెలుగకున్న వైరుదో, దీపముదో, ఫ్యూజుదో యగును.

క్రొత్త కార్లలో ఈ యేర్పాటు మాఱినది. చాలవానిలో స్విచ్చికి మాఱుగా మూడు వైర్ల సెన్సారుండును. ఒకదానివెంట 5 వోల్టులు వచ్చును, ఒకటి ఎర్తు, మూడవది ఒత్తిడినిబట్టి తక్కువ వోల్టునుండి ఎక్కువ వోల్టువఱకు మాఱుచు కంప్యూటరునకు వార్త గొనిపోవును. అట్టి బండ్లమీద నేను చెప్పిన వైరుదాకించు పరీక్ష చేయరాదు. ఆ బండి పుస్తకము చెప్పినట్లు మీటరుతో కొలువవలయును. వానిని షెడ్డులో స్కానరుతో చూచునపుడు పి 0520 మొదలు పి 0524 వఱకు అంకెలు కనబడవచ్చును. ఇందు పి 0520 సెన్సారు దారిలో దోషమనియు, పి 0521 సెన్సారు చెప్పు కొలత పొసగుటలేదనియు, పి 0522 దారిలో వోల్టు తక్కువయనియు, పి 0523 ఎక్కువయనియు అర్థము. పి 0524 ఒక్కటియే ఒత్తిడి మిక్కిలి తక్కువయని చెప్పునది. అంకె యేదైనను గేజితో కొలిచిన కొలతయే తుదితీర్పు. పి 0522 వచ్చినదని ఇంజను దింపుమన్నవారిని, ఒత్తిడి యెంత యున్నదో కొలిచి చూపుమని యడుగుటకు మీకు హక్కు కలదు.

ఇపుడు మా కారు ధాన్యపుకొట్టుకడ నిలుచుటలేదు. పదిదినముల కొకమారు మూత యెత్తి, ఊక, పెంటికలు, కొఱికిన గుఱుతులు కలవేమో చూచుచున్నాను. ఇది పెరటిలో పాదులు చూచుకొనుటకంటె పెద్దపని గాదు.

సోదరీమణులారా! ఎఱ్ఱదీపము వెలిగినచో ముందు ఆగుడు. తరువాత మట్టము చూచి, వైరు చూచి, స్విచ్చి చూచి, గేజితో కొలిపింపుడు. డబ్బుసంచి విప్పుట కడపటి పని. ఇవన్నియు మీ చేతులతోనే చేయవలయునని నేననుట లేదు. చేయువారి ప్రక్కను నిలిచి, ఏది తరువాత ఏది చేయవలయునో యెఱిగి, "కొలిచితిరా?" యని యడుగగలిగినను చాలును.